నిలబడ్డ చోటే నడిబొడ్డు

ఒక చోట కెమెరా నిలబెట్టి చుట్టూ, పైనా, కిందా ఉన్నదంతా ఫొటోలు తీసి, వాటన్నిటినీ అతికి, ఆ చోటునే ఒక బుల్లి గ్రహంగా చూపించే బొమ్మలు ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. నేల మధ్యలో గుండ్రంగా ముడుచుకుని ఉంటుంది. ఇళ్లు, చెట్లు, కరెంటు స్తంభాలు దాని అంచు నుంచి నలుదిక్కులా బయటికి నిక్కి ఉంటాయి. ఆకాశం వాటి చుట్టూ పరుచుకుంటుంది. ఫొటోగ్రాఫర్లు వీటిని లిటిల్ ప్లానెట్ బొమ్మలంటారు. చూసేవాళ్లలో చాలామంది వీటిని కంప్యూటర్ గారడీగా, ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే పుట్టే తమాషాగా లెక్కేస్తారు. ఆ అంచనా తప్పని నా వాదన. ఈ బొమ్మ వెనకున్న లెక్క పేరు స్టీరియోగ్రాఫిక్ ప్రక్షేపం. కెమెరా పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే అది ఇత్తడి పలకల మీద పనిచేసింది. ఇంతకాలంలో ఆ లెక్క ఎక్కడ నిలదొక్కుకుంది, ఎక్కడ నిలవలేకపోయింది అని చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఒక వస్తువును బయట నుంచి చూసి గీయడానికంటే, ఒక చోట నిలబడి చుట్టూ ఉన్న దిక్కులన్నిటినీ ఒక్క కాగితం మీదికి దించుకోవడానికే అది ఎక్కువ పనికొచ్చింది. బుల్లి గ్రహం బొమ్మ ఆ పాత పనికి కొనసాగింపే.

ముందు లెక్క సంగతి. మన చుట్టూ ఒక గాజు గోళం ఉందనీ, సరిగ్గా దాని నడుమ మన కన్ను ఉందనీ అనుకుందాం. కనిపించే ప్రతిదానికీ ఆ గాజు మీద ఒక చోటు ఉంటుంది. నడినెత్తిన ఉన్నది శిరోబిందువు, కాళ్ల కింద ఉన్నది అధోబిందువు. అధోబిందువును తాకుతూ గోళం కింద కాగితం పరిచి, శిరోబిందువు దగ్గర దీపం పెడితే గాజు మీది బొమ్మ నీడ కాగితం మీద పడుతుంది. ఆ నీడే బుల్లి గ్రహం. కాళ్ల కింది నేల నడుమకు వస్తుంది, దిగంతం ఒక వృత్తమవుతుంది. గోళం వ్యాసార్ధం 1 అయితే దిగంత వృత్తం వ్యాసార్ధం 2. దిగంతానికి 30 డిగ్రీల పైన ఉన్నవి కేంద్రానికి దాదాపు 3.5 దూరంలో, 60 డిగ్రీల పైన ఉన్నవి దాదాపు 7.5 దూరంలో పడతాయి. నడినెత్తి మాత్రం ఎంత పెద్ద కాగితానికీ అందదు, అనంతదూరానికి పోతుంది. అందుకే ఇలాంటి ప్రతి బొమ్మనూ ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. ఈ ప్రక్షేపానికి రెండు గుణాలున్నాయి. గోళం మీది వృత్తం కాగితం మీద కూడా వృత్తంగానే పడుతుంది. దీపం గుండా పోయే వృత్తాలు మాత్రం సరళరేఖలవుతాయి. నిలువు గోడలూ స్తంభాలూ కేంద్రం నుంచి తిన్నగా బయటికి సాగడానికీ, తిన్నని వీధి విల్లులా వంగడానికీ కారణం ఇదే. రెండో గుణం, గోళం మీద రెండు గీతలు ఏ కోణంలో కలుస్తాయో కాగితం మీదా అదే కోణంలో కలుస్తాయి. దీనివల్ల చిన్న వస్తువుల రూపం చెడదు. చెడేది పరిమాణం. కాళ్ల దగ్గరితో పోలిస్తే దిగంతం దగ్గర కొలత రెట్టింపు, 30 డిగ్రీల ఎత్తున నాలుగు రెట్లు. రూపాన్ని కాపాడుకోవడానికి పరిమాణాన్ని వదులుకున్న బేరం ఇది.

ఈ బేరం మొదట కుదుర్చుకున్నవాళ్లు ఆకాశం చూసేవాళ్లు. క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్‌కు ఈ పద్ధతి తెలుసని ఆయన తరవాత 500 ఏళ్లకు సైనీసియస్ రాశాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ దీని మీద ప్లానిస్ఫేరియం అనే ఒక చిన్న గ్రంథమే రాశాడు. దాని గ్రీకు మూలం పోయింది. అరబీ అనువాదం బతికింది కాబట్టి 1143లో హెర్మన్ ఆఫ్ కారింథియా దాన్ని లాటిన్‌లోకి తేగలిగాడు. ఈ లెక్కకు చేతిలో పట్టే రూపమిచ్చిన పనిముట్టు ఆస్ట్రోలేబ్. అందులో దీపం ఆకాశపు దక్షిణ ధ్రువం దగ్గర ఉంటుంది, కాగితం స్థానంలో ఖగోళ మధ్యరేఖ తలం ఉంటుంది. ఉత్తర ధ్రువం పలక నడుమకు వస్తుంది, మకరరేఖ పలక అంచవుతుంది. నక్షత్రాల స్థానాలు చూపే జల్లెడ లాంటి పలక ఒకటి పైన తిరుగుతుంది. దాని కింద కదలకుండా ఉండే పలక మీద దిగంతం, దిగంతానికి ఇన్ని డిగ్రీల ఎత్తు అని చూపే గీతలు చెక్కి ఉంటాయి. గోళం మీద ఇవన్నీ వృత్తాలు, కాబట్టి పలక మీదా వృత్తాలే. అంటే ఆ పలక చెక్కేవాడికి కంపాసు చాలు. దీర్ఘవృత్తాలో మరింత చిక్కు వంపులో గీయాల్సి వస్తే ఆ పనిముట్టు ఇన్ని వందల ఏళ్లు, ఇన్ని దేశాల కంసాలుల చేతుల్లో బతికేదని నేను అనుకోను. గణితజ్ఞుడికి సిద్ధాంతంగా కనిపించే గుణమే పనివాడికి సుళువైంది. 9వ శతాబ్దంలో అల్-ఫర్ఘానీ ఈ గణితానికే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. కోణాలు చెడవన్న రెండో గుణానికి అచ్చులో నిరూపణ రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1695 ప్రాంతంలో ఎడ్మండ్ హేలీ దాన్ని ప్రకటించాడు. అంతకు సుమారు వందేళ్ల ముందే థామస్ హారియట్ దాన్ని కనుక్కున్నా అచ్చు వేయలేదు.

మన దేశానికి ఈ పనిముట్టు పర్షియన్, అరబీ పండితుల ద్వారా చేరింది. ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ ఆశ్రయంలో ఉన్న జైన పండితుడు మహేంద్ర సూరి 1370లో యంత్రరాజం అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఆస్ట్రోలేబ్ మీద సంస్కృతంలో వచ్చిన మొదటి గ్రంథం అదే. పరాయి పనిముట్టుకు యంత్రాలకే రాజు అన్న పేరు పెట్టడంలో ఆ పండితుడి గౌరవం కనిపిస్తుంది. మొగలుల కాలంలో లాహోర్‌లో అల్లాదాద్ వంశం తరతరాలుగా ఈ యంత్రాలు చేసింది. ఆ వంశంలోని జియావుద్దీన్ ముహమ్మద్ 17వ శతాబ్దంలో చేసినవి ఇప్పటికీ ప్రపంచ మ్యూజియాలలో ఉన్నాయి. 18వ శతాబ్దంలో సవాయి జైసింగ్ జైపూర్ వేధశాలకు మనిషి ఎత్తును మించిన యంత్రరాజాన్ని చేయించాడు. అలీగఢ్ విశ్వవిద్యాలయంలో సంస్కృతం బోధించిన శ్రీరాముల రాజేశ్వర శర్మ మన దేశపు ఖగోళ యంత్రాలను ఒక్కొక్కటిగా పరిశీలించి వివరంగా పట్టిక కట్టారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని యంత్రాల మీదా ఆయన రాశారు. తెలుగు చదువరులు ఇంకా బాగా ఎరగాల్సిన పని అది.

ఈ యంత్రాల్లో నా వాదనకు కీలకమైనది పలకల సంగతి. కింద ఉండే పలక అన్ని ఊళ్లకూ ఒకటే కాదు. ఏ అక్షాంశం కోసం గీస్తే ఆ అక్షాంశానికే పనికొస్తుంది, అది ఏ అక్షాంశమో పలక మీదే చెక్కి ఉంటుంది. ప్రయాణాలు చేసేవాడి యంత్రంలో అలాంటి పలకలు దొంతరగా ఉంటాయి. ఢిల్లీ అక్షాంశం దాదాపు 28.6 డిగ్రీలు. దానికి గీస్తే దిగంతపు వృత్తం వ్యాసార్ధం మధ్యరేఖ వృత్తానికి సుమారు 2.1 రెట్లు. హైదరాబాద్ అక్షాంశమైన 17.4 డిగ్రీలకు గీస్తే అది 3.3 రెట్లకు పెరుగుతుంది, పలకలో ఇమిడే ముక్క దాదాపు తిన్నని గీతలా సాగుతుంది. అంటే ఆ ఇత్తడి మీద ఉన్నది ఊరూ పేరూ లేని ఆకాశం కాదు, ఫలానా చోట నిలబడ్డ మనిషికి కనిపించే ఆకాశం. 11వ శతాబ్దంలో టొలీడోలో అల్-జర్ఖాలీ అన్ని అక్షాంశాలకూ ఒకే పలక చాలే యంత్రాన్ని రూపొందించాడు కదా అని అడగవచ్చు. నిజమే, జియావుద్దీన్ కూడా అలాంటిది చేశాడు. కానీ దాన్ని వాడటానికి మరింత గణితం తెలియాలి. మిగిలి ఉన్న యంత్రాల్లో ఎక్కువ భాగం అక్షాంశానికో పలక ఉన్నవే. వాడేవాళ్లు తమ ఊరి ఆకాశం గీసి ఉన్న యంత్రాన్నే ఎంచుకున్నారు.

ఇదే లెక్కను భూమిని బయట నుంచి చూపడానికి వాడినప్పుడు ఏమైందో కూడా చూడాలి. 1587లో రూమోల్డ్ మెర్కేటర్ ప్రపంచాన్ని రెండు అర్ధగోళాలుగా, రెండు పెద్ద వృత్తాలలో అచ్చు వేశాడు. ఆ తరవాత వందేళ్లకు పైగా అలాంటి జంట వృత్తాల పటాలు యూరప్ గోడలను అలంకరించాయి. వాటి ప్రక్షేపం ఇదే. కానీ అక్కడ అది కాలక్రమేణా వెనకబడింది. వృత్తం నడుమ ఉన్న దేశం కుంచించుకుపోయి, అంచున ఉన్నది పొడవులో రెట్టింపు, విస్తీర్ణంలో నాలుగు రెట్లు కనిపిస్తే దేశాలను పోల్చి చూడాలనుకునేవాడికి అది పనికిరాదు. 1772లో లాంబర్ట్ విస్తీర్ణం చెడని ప్రక్షేపాలను ప్రకటించాడు. ఆ తరవాత ఈ లెక్క మరో శాస్త్రంలో స్థిరపడసాగింది. 19వ శతాబ్దంలో నాయ్‌మన్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు స్ఫటికాల ముఖాలను దీనితోనే కాగితం మీదికి దించారు. స్ఫటికం నడుమ నిలబడి ఏ ముఖం ఏ దిక్కున ఉందో చూసినట్టు వాళ్లు గీసుకున్నారు. వాళ్లకు కావలసింది ముఖాల మధ్య కోణాలే తప్ప ముఖం సైజు కాదు. ఆ పద్ధతిని ఇప్పటికీ భూగర్భశాస్త్ర విద్యార్థులు నేర్చుకుంటున్నారు. ధ్రువ ప్రాంతాల పటాలకు ఈ ప్రక్షేపం నేటికీ వాడుకలో ఉందనేది దీనికి ఎదురు సాక్ష్యమే. అయితే అక్కడ చూపేది ధ్రువం చుట్టూ ఉన్న చిన్న టోపీ అంత భాగం మాత్రమే, అంచు దాకా పరిమాణం పెద్దగా చెడదు, కోణాలు చెడకుండా ఉండటమూ అవసరం. ప్రపంచమంతా చూపాల్సి వచ్చినప్పుడు దీన్ని ఎంచుకునేవాళ్లు తగ్గిపోయారు.

భూమ్మీద నిలబడి చుట్టూ ఉన్నదాన్ని గుండ్రంగా గీయాలన్న ఆలోచన మాత్రం వేరే దారిలో వచ్చింది. 1776లో జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్ ఆల్ప్స్‌లో దాదాపు 3,100 మీటర్ల ఎత్తున్న బ్యూయే శిఖరం ఎక్కాడు. అక్కడి నుంచి కనిపించే పర్వతాలన్నిటినీ ఒకే బొమ్మలో చూపించాలనుకున్నాడు. బూరీ అనే చిత్రకారుడు గీసిన ఆ బొమ్మ 1779లో సోస్యూర్ పుస్తకంలో అచ్చయింది. చూసేవాడి చోటు నడుమ ఉంటుంది, పర్వతాలు వృత్తం చుట్టూ బయటివైపుకు కొనలు పెట్టి నిలబడతాయి. కాగితం తిప్పుకుంటూ చదువుకోవాలి. 1785 సెప్టెంబర్ 8న థామస్ బాల్డ్విన్ ఇంగ్లండ్‌లోని చెస్టర్ నుంచి బెలూన్‌లో ఎగిరి, మరుసటి ఏడు ఎయిరోపీడియా అనే పుస్తకం వేశాడు. అందులోనూ పైనుంచి కనిపించిన మేఘాలూ నేలా ఒక వృత్తంలో ఉన్నాయి, బెలూన్ కింది చోటు నడుమన ఉంది. ఈ ఇద్దరూ స్టీరియోగ్రాఫిక్ సూత్రం వాడలేదు. కానీ బుల్లి గ్రహానికి కావలసిన చూపు వీళ్లదే. సరిగ్గా అదే దశాబ్దంలో, 1787లో, రాబర్ట్ బార్కర్ చుట్టూ ఉన్న దృశ్యాన్ని స్తూపంలా చుట్టిన తెర మీద చూపే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పనోరమా అన్న పేరుతో లండన్‌లో 1793 నుంచి ప్రత్యేక భవనంలో జనం టికెట్ కొని చూసింది దాన్నే. ప్రేక్షకులను లోపల నిలబెట్టగల పద్ధతి గెలిచింది, పుస్తకంలో మడిచిపెట్టిన వృత్తం మరుగున పడింది. తరవాత వచ్చిన ఫొటో పనోరమాలు బార్కర్ దారినే పట్టి, పొడవాటి పట్టీలుగానే మిగిలాయి. ఆ పట్టీలో నేలా లేదు, నడినెత్తీ లేదు.

ఆ లెక్కా, ఈ చూపూ ఒకచోట కలవాలంటే గోళమంతా కెమెరాకు అందాలి. నీటి లోపలి చేపకు పైలోకం ఎలా కనిపిస్తుందో చూడటానికి అమెరికా భౌతికవేత్త రాబర్ట్ వుడ్ 1906లో నీళ్లు నింపిన కెమెరాతో ఫొటోలు తీశాడు. 1924లో రాబిన్ హిల్ మేఘాలను అధ్యయనం చేయడానికి ఆకాశమంతా ఒక్క పటంలో పట్టే లెన్స్ తయారుచేశాడు. ఇక్కడా మొదటి అవసరం ఆకాశానిదే అన్నది గమనించదగ్గ సంగతి. అయితే ఫొటోలను అతికి గోళాన్ని పూర్తి చేయడం కంప్యూటర్ వచ్చాకే సామాన్యులకు అందింది. 1998లో జర్మన్ ఆచార్యుడు హెల్ముట్ డెర్ష్ పనోరమా టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేశాడు. దాని మీద ఆధారపడి హ్యూగిన్ వంటివి వచ్చాయి. గోళమంతటినీ దాచుకునే ఫైల్‌కు ఈ సాఫ్ట్‌వేర్లు ఎంచుకున్న రూపం 360 డిగ్రీల వెడల్పు, 180 డిగ్రీల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం. ఆ ప్రక్షేపం తనకు ముందటి భూగోళవేత్త మరీనస్ ఆఫ్ టైర్‌దని టాలెమీ చెప్పాడు. 2000ల మధ్యకల్లా ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైట్‌లో బుల్లి గ్రహాలు వెల్లువెత్తాయి. 2007లో కొందరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు, ఫొటోగ్రాఫర్లు కలిసి, చూపు గోళాన్ని కాగితం మీద ఎలా చదును చేయాలన్న ప్రశ్న మీదే పరిశోధనా పత్రం ప్రకటించారు. 2013లో రికో థీటా వంటి కెమెరా ఒక్క క్లిక్‌తో గోళాన్ని పట్టేసరికి అతికే శ్రమ కూడా తప్పింది. ఇంత జరిగినా చివరి మెట్టు మాత్రం మారలేదు. మరీనస్ పట్టీలోని ప్రతి బిందువునూ టాలెమీ వాడిన ప్రక్షేపంతో వృత్తంలోకి మార్చడమే అది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఆస్ట్రోలేబ్‌ను చూసి రాయలేదు, భూపటాల సూత్రాలను తీసుకున్నారు. ఫ్లికర్‌లో బొమ్మ పెట్టిన కుర్రాడికి మహేంద్ర సూరి పేరు తెలియదు. కాబట్టి ఇది వంశవృక్షం కాదు, కాకతాళీయం అనవచ్చు. వారసత్వం చేయి నుంచి చేయికి అందలేదన్నది ఒప్పుకుంటాను. కానీ నా వాదన వారసత్వం మీద నిలబడలేదు, అవసరం మీద నిలబడింది. గోళాన్ని వృత్తంగా మార్చడానికి వేరే దారులు చాలానే ఉన్నాయి. ఫొటోషాప్‌లోని పోలార్ కోఆర్డినేట్స్ ఫిల్టర్‌తో పనోరమా పట్టీని గుండ్రంగా వంచేయవచ్చు, చాలామంది అలాగే మొదలుపెట్టారు. అక్కడ కేంద్రం నుంచి దూరం కోణంతో సమంగా పెరుగుతుంది, అడ్డం మాత్రం అంతకంటే వేగంగా సాగుతుంది. దిగంతం దగ్గరే నిలువు 1 అయితే అడ్డం 1.57 అవుతుంది, 30 డిగ్రీల ఎత్తున 2.4 దాటుతుంది. గోపురం బొద్దుగా, తాటిచెట్టు తుమ్మమొద్దులా అణిగిపోతుంది. స్టీరియోగ్రాఫిక్‌లో అవి పెరుగుతాయే కానీ అణగవు. గోపురాన్ని గోపురంగా చూడాలనుకున్న ఫొటోగ్రాఫర్లు సూత్రం పేరు తెలిసో తెలియకో చివరికి అదే ప్రక్షేపం దగ్గరికి చేరారు. కంపాసు పట్టిన లాహోర్ పనివాడిని ఆ లెక్క వైపు నడిపించింది వృత్తం వృత్తంగా మిగలాలన్న అవసరం. వీళ్లను నడిపించింది రూపం రూపంగా మిగలాలన్న అవసరం.

ఇది అబద్ధపు బొమ్మ, ప్రపంచం ఇలా ఉండదు అనే మాటకు జవాబు గణితంలోనే ఉంది. గోళం ఉపరితలాన్ని కొలతలేవీ చెడకుండా చదును చేయడం అసాధ్యమని 1827లో గౌస్ సిద్ధాంతం తేల్చింది. కాబట్టి ఏ చదునైన బొమ్మకైనా ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మామూలు వైడ్ లెన్స్ తిన్నని గీతలను తిన్నగా ఉంచుతుంది, బదులుగా అంచుల్లో రూపాన్ని వదులుకుంటుంది. నడుమ నుంచి 45 డిగ్రీల దూరంలో ఉన్న ముఖం బయటివైపుకు 2 రెట్లు, అడ్డంగా 1.4 రెట్లు సాగుతుంది. పెళ్లి గ్రూప్ ఫొటోలో అంచున నిలబడ్డవాళ్ల తలలు కోలగా రావడానికి ఇదే కారణం, ఆ ఫొటోను మాత్రం ఎవరూ అబద్ధమనరు. పైగా ఆ పద్ధతిలో 180 డిగ్రీలు ఎప్పటికీ పట్టవు.

నన్ను నిజంగా ఆలోచింపజేసిన అభ్యంతరం ఇంకొకటి. బుల్లి గ్రహంలో ఒక వీధో, ఒక చెరువుగట్టో తానే లోకమైనట్టు శూన్యంలో తేలుతుంది. పక్క ఊరు లేదు, దారి ఎటూ పోదు. ఒక చోటును దాని ఇరుగుపొరుగు నుంచి తెంపి చూపడం చరిత్రకు అన్యాయమే. ఈ విమర్శలో బలముంది. మైదానం, ఏటి ఇసుక, విశాలమైన కూడలి లాంటి చోట దిగంతం అన్ని వైపులా సమంగా ఉండి గ్రహం నిండుగా వస్తుంది. కాబట్టి ఫొటోగ్రాఫర్లు అలాంటి చోట్లనే వెతుకుతారు, ఇరుకు సందులను వదిలేస్తారు. కానీ ఆస్ట్రోలేబ్ పలక కూడా ఒక్క అక్షాంశపు ఆకాశాన్నే చూపించి, ఆ పరిమితిని తన మీదే చెక్కుకుంది. తప్పు ప్రక్షేపానిది కాదు, పరిమితిని చెప్పకపోవడానిది. చోటు పేరు, తేదీ, కెమెరా ఎత్తు చెప్పకుండా వదిలిన బుల్లి గ్రహం అక్షాంశం చెక్కని పలక లాంటిదే. అందంగా ఉంటుంది, దాన్ని బట్టి ఏదీ తెలుసుకోలేం.

అదే కారణంతో కేంద్రం విషయంలోనూ నాకు గట్టి పట్టుదల ఉంది. అధోబిందువు దగ్గర కెమెరా కాళ్ల స్టాండ్ పడుతుంది. దాన్ని తీసేయడానికి శ్రద్ధగలవాళ్లు స్టాండ్ పక్కకు జరిపి ఆ నేలను చేత్తో పట్టుకున్న కెమెరాతో మళ్లీ తీసి అతుకుతారు. తొందరలో ఉన్నవాళ్లు అక్కడ గుండ్రటి లోగో అంటించేస్తారు. బొమ్మలో అన్నిటికంటే చిన్నగా పడేది ఆ భాగమే కాబట్టి నష్టమేముంది అంటారు. కానీ అన్ని కొలతలూ మొదలయ్యేది అక్కడి నుంచే. ఆ నేల మట్టిదో, బండదో, ముగ్గు వేసినదో చూపకపోతే మిగతా వృత్తమంతా ఎవరు ఎక్కడ నిలబడి చూసిందో తెలియని దృశ్యమవుతుంది. చేత్తో తీసే ఆ ఒక్క ఫొటోకు పట్టే రెండు మూడు నిమిషాలు తప్పకుండా వెచ్చించాలి.